టంగుటూరి సూర్యకుమారి గానజీవితము: పాశ్చాత్య గీతనాటక గాయనుల వృత్తితో ఒక తులనము

పెరంబూరులో గాని, చెన్నపట్టణమున మరి యే పేటలో గాని తెలుగువారు సభ జరుపుకొనునప్పుడు తరచుగా తొలుత వినవచ్చు గేయము ‘మా తెలుగు తల్లికి’. సభికులు లేచి నిలుతురు. పిల్లలు గొంతు గలుపుదురు. పెద్దలకు పదములు కంఠస్థములు. ఆ గేయమును రచించినవారు తిరుపతి వాస్తవ్యులగు శంకరంబాడి సుందరాచారిగారని పలువు రెరుగుదురు. కాని దానిని గ్రామఫోను పలకపై పాడి, ఇంటింటికి చేర్చిన గాయని యెవరని ప్రశ్నించినచో సమాధానము చెప్పగలవారు నానాటికి తగ్గుచున్నారు. ఆమె టంగుటూరి సూర్యకుమారి. ఈ చెన్నపురిలోనే పాడి, ఈ చెన్నపురిలోనే నటించి, పిదప న్యూయార్కు, లండను నగరముల రంగస్థలములపై నిలిచి, 2005 ఏప్రిల్ 25న లండనులో కన్నుమూసిన కళావతి.

ఆమె జీవితవృత్తాంతమును వరుసగా చెప్పుట మాత్రమే ఈ వ్యాసమున కుద్దేశము కాదు. గాయని వృత్తిజీవితము దేనిపై నిలుచును అను ప్రశ్నను విచారించుట ముఖ్యము. కంఠము దైవదత్తమనియు, సాధనచే నది రాణించుననియు మనము చెప్పుకొందుము. అంతవరకు సత్యమే. కాని రాణించిన కంఠము ముప్పది నలువది సంవత్సరముల పాటు జనులకు వినబడవలెనన్నచో దానికొక వేదిక కావలెను. ఆ వేదికను నడుపు సంస్థ కావలెను. తగిన పాత్రలు కావలెను. తుదకు శిష్యులును కావలెను. ఈ యేర్పాటు సంపూర్ణముగా గల దేశములలో ఫ్రాన్సు ఒకటి. అందుచే మొదట అచటి గీతనాటక గాయని వృత్తి యెట్టిదో చూచి, పిదప మన గాయని నడచిన త్రోవను పరిశీలింతము.

గీతనాటకము, అందలి కంఠములు

‘ఒపెరా’ యని పిలువబడు పాశ్చాత్య గీతనాటకము 1600 ప్రాంతమున ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున పుట్టినది. ఇందు పాత్రలు సంభాషణమును గూడ పాడుదురు. వాద్యబృందము మొదటినుండి తుదివరకు వారి ననుసరించును. మన యక్షగానము నెరిగినవారికి ఇది వింతగా తోచదు. ఫ్రాన్సు రాజగు పదునాలుగవ లూయీ 1669లో అనుజ్ఞాపత్ర మొసగగా పారిస్ ఒపెరా సంస్థ యేర్పడినది. రాజులు పోయిరి, విప్లవములు వచ్చినవి, నాటకశాలలు కాలిపోయినవి, క్రొత్తవి లేచినవి. సంస్థ మాత్రము నేటికిని నడచుచున్నది. 1795లో పారిస్ సంగీత విద్యాలయము స్థాపితమైనది. బాలిక యట్టి విద్యాలయమున శిక్షణము పొంది, చిన్నపాత్రలతో ప్రారంభించి, క్రమముగా ప్రధానపాత్రల కెదిగి, వయసు మీరిన పిదప తాను బోధకురాలగుట అచట పరిపాటి. ఆమె నడువవలసిన బాట ఆమె పుట్టుటకు ముందే వేయబడి యుండును.

స్త్రీకంఠములను వారు స్థాయినిబట్టి ముఖ్యముగా మూడు తరగతులుగా విభజింతురు. హెచ్చుస్థాయిది సొప్రానో, తగ్గుస్థాయిది కాంట్రాల్టో, రెంటికి నడుమ నున్నది మెజ్జో సొప్రానో. ‘మెజ్జో’ యనగా ఇటాలియను భాషలో ‘సగము’, ‘నడిమి’ యని యర్థము. కథానాయిక పాత్ర తరచుగా సొప్రానోకు దక్కును. తల్లి, ప్రతినాయిక, మంత్రగత్తె, చెలికత్తె మొదలగు పాత్రలు మెజ్జో సొప్రానోకు వచ్చును. యువకుల పాత్రలను గూడ పెక్కుమార్లు ఆమెయే పురుషవేషము దాల్చి పాడును. అయినను 1875 మార్చి 3న పారిస్‌లో ప్రథమముగా ప్రదర్శింపబడిన బిజే విరచితమగు ‘కార్మెన్’ నాటకమున నాయికయే మెజ్జో సొప్రానో. ఆ పాత్రను తొలుత ధరించినది సెలెస్తిన్ గల్లి-మారియే అను గాయని.

ధ్వనివర్ధకము లేకుండ, పెద్ద వాద్యబృందపు ఘోషను దాటి, ఒక్క కంఠము విశాలమైన నాటకశాలలో చివరి వరుసవారికి వినబడుట యెట్లని మనవారు ఆశ్చర్యపడుట కలదు. గట్టిగా అరచుటయే ఉపాయమనుకొన్నచో పొరపాటు. వాద్యబృందము పుట్టించు ధ్వనిశక్తిలో హెచ్చుభాగము సెకనుకు సుమారు 500 కంపనముల ప్రాంతమున నుండును. అంతకు పైకి పోయినకొలది అది తగ్గిపోవును. శిక్షణము పొందిన కంఠము స్వరపేటికకు పైనుండు సందును తగిన యాకృతిలో నమర్చుకొని, సెకనుకు సుమారు 3000 కంపనముల ప్రాంతమున తన శక్తిని పోగుచేయును. అచట వాద్యముల పోటీ తక్కువ. మానవుని చెవి గ్రహణశక్తి యధికము. కావున కంఠము వాద్యములను జయింపక, వాటి ప్రక్కనుండియే దాటిపోవుచున్నది. స్వీడను దేశపు ధ్వనిశాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బెరి 1970 దశకమున ఈ విషయమును శాస్త్రీయముగా విశదీకరించెను. పురుషకంఠములందును, స్త్రీకంఠములలో తగ్గుస్థాయి వానియందును ఈ లక్షణము స్పష్టముగా గానవచ్చును. మైకు లేని కాలమున మన నాటకములలో పద్యము పాడిన నటులు హెచ్చుశ్రుతి నెన్నుకొని దూరమున నున్నవారికి వినిపించిరి. ఉద్దేశ మొకటే, ఉపాయములు వేరు.

పోలీన్ వియార్దో

ఫ్రెంచి మెజ్జో సొప్రానో గాయనులలో పందొమ్మిదవ శతాబ్దికి చెందిన పోలీన్ వియార్దో ప్రసిద్ధురాలు. ఆమె 1821 జూలై 18న పారిస్‌లో జన్మించెను. తండ్రి మానుయేల్ గార్సియా స్పెయిను దేశీయుడు. 1816లో రోస్సీని రచించిన ‘సెవిల్ క్షురకుడు’ నాటకమున నాయకపాత్రను తొలుత పాడినవాడు. అక్క మరియా మాలిబ్రాన్ యూరపు ఖండమంతట కీర్తి గడించి, గుర్రముపైనుండి పడిన గాయముల ఫలితముగా 1836లో ఇరువది యెనిమిదేండ్లకే మరణించెను. అన్న, రెండవ మానుయేల్ గార్సియా, గాత్రబోధకుడు; 1854లో చిన్న అద్దముల సాయమున తన స్వరపేటికను తానే చూచుకొని, నేటి వైద్యులు వాడు కంఠదర్శినికి మార్గము చూపినవాడు. ఇట్టి యింట పుట్టిన బాలికకు సంగీతము వెదకికొనవలసిన వస్తువు కాదు.

ఆమె 1839లో లండనున రోస్సీని ‘ఒథెల్లో’లో డెస్డిమోనాగా రంగప్రవేశ మొనర్చెను. 1843లో రష్యా రాజధానిలో పాడినప్పుడు నవలాకారుడు తుర్గేనెవ్ ఆమె గానమునకు ముగ్ధుడై, జీవితాంతము ఆ కుటుంబమునకు మిత్రుడై యుండెను. 1849లో పారిస్ ఒపెరాలో మయర్‌బేర్ ‘ప్రవక్త’ నాటకమున తల్లిపాత్రను ధరించెను. అప్పటికి ఆమె వయసు ఇరువది యేడు. 1859లో గ్లుక్ రచించిన ‘ఓర్ఫియస్’ నాటకమును బెర్లియోజ్ ఆమె కంఠమునకు తగినట్లు సవరించి యిచ్చెను. భార్య ప్రాణమును తిరిగి తెచ్చుకొనుటకై పాతాళమునకు పోయిన గాయకుని కథ యది. ఆ పురుషపాత్రను ఆమె నూరుమార్లకు పైగా ప్రదర్శించెను. 1863లో పారిస్ రంగమునుండి విరమించి, అటుపిమ్మట శిష్యులకు నేర్పుచు, గీతములు స్వరపరచుచు గడపి, 1910 మే 18న మృతినొందెను. 1855లో తాను కొన్న మోజార్ట్ ‘డాన్ జోవాన్ని’ వ్రాతప్రతిని ఆమె పారిస్ సంగీత విద్యాలయమునకు సమర్పించెను.

ఈ వృత్తాంతమున గమనింపవలసినది ఒకటి కలదు. వియార్దో కంఠమును నేడు మనము వినుటకు ముద్రణ మేదియు లేదు. అయినను ఆమె ధరించిన పాత్రలు నేటికిని ఇతర గాయనులచే పాడబడుచున్నవి. ఆమె పేరు ఆ పాత్రలతోబాటు చెప్పబడుచున్నది. కంఠము పోయినను సంస్థ ఆమెను జ్ఞాపక ముంచుకొన్నది.

మన దేశమున గీతనాటకము

తెలుగువారికి ఇట్టి నాటకము లేకపోలేదు. పారిస్ ఒపెరాకు లూయీ రాజు అనుజ్ఞ యిచ్చిన 1669 నాటికి తంజావూరును పాలించుచున్నవాడు విజయరాఘవ నాయకుడు. ఆతని యాస్థానమున తెలుగు యక్షగానములు రచింపబడి, పాడబడి, ఆడబడినవి. రాజు స్వయముగా యక్షగానకర్త. ‘మన్నారుదాస విలాసము’ను రచించిన రంగాజమ్మ ఆ యాస్థాన కవయిత్రి. అనగా ఒకే కాలమున సీన్ నదీతీరమునను, కావేరీ తీరమునను రెండు రాజాస్థానములు గీతనాటకమును పోషించుచుండెను.

1673లో విజయరాఘవుడు యుద్ధమున మడియగా నాయకరాజ్య మంతరించినది. తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులును తెలుగు యక్షగానముల నాదరించిరి. షాహజీ తానే పెక్కింటిని రచించెను. 1855లో ఆ రాజ్యమును గూడ ఆంగ్లేయ ప్రభుత్వము కలుపుకొనుటతో రాజపోషణము తీరినది. మెలట్టూరు మొదలగు గ్రామములలో భాగవతులు భక్తితో ఆ సంప్రదాయమును కాపాడిరి. కూచిపూడివారు తమ త్రోవను తాము నిలుపుకొనిరి. కాని గాయనికి జీవనమును, శిక్షణమును, పదవిని ఇచ్చు నగరసంస్థ యేదియు మన కేర్పడలేదు.

పందొమ్మిదవ శతాబ్ది చివర తెలుగు నాటకము క్రొత్తరూపమున లేచినది. 1885లో కడప మండలమున పుట్టిన సురభి సమాజమున స్త్రీలే స్త్రీపాత్రలు ధరించిరి. తక్కిన సమాజములలో బహుకాలము పురుషులే స్త్రీవేషములు వేసిరి. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు బాల్యమున నాటకములలో స్త్రీపాత్రలు ధరించిన సంగతిని తమ ఆత్మకథలో తామే వ్రాసికొనిరి. ఆ పంతులుగారి తమ్ముడు శ్రీరాములుగారి కుమార్తెయే సూర్యకుమారి.

చెన్నపురి దినములు

సూర్యకుమారి 1925 నవంబరు 13న రాజమహేంద్రవరమున జన్మించెను. గ్రామఫోను ముద్రణమున మైకు వాడుక మొదలైనదియు ఆ 1925వ సంవత్సరమే. అంతవరకు గాయకులు పెద్ద గరాటుముందు నిలిచి గట్టిగా పాడవలసి యుండెను. మైకు వచ్చిన పిదప మెల్లగా, మాటాడినట్లు, అక్షర మక్షరము విడివిడిగా వినబడునట్లు పాడుట సాధ్యమైనది. ఆమె తరమువారి గానము ఈ సౌకర్యముపై పెరిగినది. మన ‘లలిత సంగీతము’ అనుదానికి మూలము ఇచటనే యున్నది.

ఆమె పండ్రెండేండ్ల ప్రాయమున ‘విప్రనారాయణ’ (1937) చిత్రమున మొదటిసారి నటించెను. ఆ బాలిక పాట వినిపించుటకే ఒక పాత్ర కల్పింపబడినదని ప్రసిద్ధి. తరువాత గూడవల్లి రామబ్రహ్మంగారి ‘రైతుబిడ్డ’ (1939) చిత్రమున నటించెను. జమీందారీ పద్ధతిని విమర్శించుటచే నిషేధమునకు గురియైన చిత్రమది. బి. ఎన్. రెడ్డిగారి ‘దేవత’ (1941)లోను ఆమె పాత్ర ధరించెను. ‘కృష్ణప్రేమ’ (1943)లో ఆమె ధరించినది నారదుని పాత్ర. వియార్దో ఓర్ఫియస్ వేషమును, సూర్యకుమారి నారదుని వేషమును పోల్చి చూచిన ముచ్చట గొల్పును. ఇరువురును గానమే ఆయుధముగా లోకములు తిరుగు పురుషపాత్రలు. ఇరువురిని రంగముపైకి తెచ్చినది స్త్రీకంఠము. పెదతండ్రి స్త్రీవేషము వేసిన తెలుగు రంగమున రెండవ తరము వచ్చునప్పటికి తమ్ముని కుమార్తె పురుషవేషము వేసెను.

చిత్రములకంటె ఆమె కీర్తిని స్థిరపరచినవి రెండు: గ్రామఫోను, రేడియో. ఆ కాలపు పలక నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పదియంగుళముల పలకపై ఒక ప్రక్క పట్టునది సుమారు మూడు నిమిషముల పాట. ఆ మూడు నిమిషములలో పల్లవి, చరణములు, భావము అన్నియు ముగియవలెను. రాగమును విస్తరించుటకు తావు లేదు. మాట తేటగా పలుకుటయే ప్రధానము. భావకవుల గేయములకును, దేశభక్తి గీతములకును ఇది మిక్కిలి తగిన కొలతయైనది. సూర్యకుమారి పాటలో మొదట మనకు తోచు గుణము ఉచ్చారణ స్వచ్ఛత. ఏ పదమును మింగదు. ఏ యక్షరమును సాగదీయదు.

మద్రాసు రేడియో కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమైనది. 1941లో ఆ కేంద్రమున చేరిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు తెలుగు గేయములకు క్రొత్త బాణీలు కూర్చిరి. 1947 ఆగస్టు 15న దేశము స్వతంత్రమైన వేళ రజనీగారు వ్రాసి స్వరపరచిన ‘మాదీ స్వతంత్ర దేశం’ అను గేయము మద్రాసు రేడియోలో వినబడినది. దానిని పాడినది సూర్యకుమారి. ‘మా తెలుగు తల్లికి’ గేయము 1942 నాటి ‘దీనబంధు’ చిత్రమునకై రచింపబడి, చిత్రమున చేరక, పిదప ఆమె పాడిన పలక ద్వారా వ్యాప్తి చెందినదని చెప్పుదురు. 1975లో హైదరాబాదున ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన సందర్భమున అది ఆంధ్రప్రదేశ రాష్ట్రగీతముగా స్వీకరింపబడినది. 2014లో రాష్ట్రము విభజింపబడిన తరువాతను ఆంధ్రప్రదేశమున దాని స్థానము నిలిచియున్నది. స్వాతంత్ర్య గీతము, రాష్ట్ర గీతము రెండును ఒకే కంఠమునుండి తెలుగువారికి చేరుట చిన్నవిషయము గాదు.

కంఠ మొకరిది, రూప మొకరిది

తొలినాటి తెలుగు టాకీలలో నటించువారే పాడుచుండిరి. అందుచే పాడగలవారికే పాత్రలు దక్కెను. గీతనాటకమున గాయని స్థానమును కొంతవరకు పోలిన స్థితి యది. 1943లో వచ్చిన ‘భాగ్యలక్ష్మి’ చిత్రమున నటికి బదులుగా రావు బాలసరస్వతీదేవిగారు పాడిరి. తెలుగున నేపథ్యగానమునకు ఇది ఆరంభముగా చెప్పబడుచున్నది. పది సంవత్సరములు తిరుగకమునుపే ఆ పద్ధతి సర్వత్ర వ్యాపించినది. దీనివలన లాభములు కలవు. రూపవతికి కంఠము లేకున్నను, కంఠముగల వారికి రూపము లేకున్నను పని దొరకెను. పాటల సొంపును పెరిగెను. కాని నటనమును, గానమును ఒకే శరీరమున గలిగినవారికి మాత్రము ఈ మార్పు వలన చోటు తగ్గినది. వారి రెండు విద్యలలో ఒకదానికే ఒకమారు వెల పలికెను. పి. భానుమతిగారివలె తన పాటను తానే పాడుదునని నిలుపుకొన్నవారు మిక్కిలి యరుదు.

సూర్యకుమారి విషయమున ఈ సంగతి స్పష్టముగా కనబడును. 1952లో ఆమె ‘మిస్ మద్రాసు’గా ఎన్నికై, ఆ సంవత్సరపు భారత సుందరి పోటీలో నర్తకి ఇంద్రాణీ రెహమాను తరువాత రెండవ స్థానము పొందెను. 1955లో వచ్చిన హిందీ చిత్రము ‘ఉడన్ ఖటోలా’లో దిలీప్ కుమార్, నిమ్మీలతోబాటు రాణి పాత్రను ధరించెను. నౌషాద్ సంగీతము కూర్చిన ఆ చిత్రమున స్త్రీకంఠపు గీతములను పాడినవారు లతా మంగేష్కర్. లతాగారి గానమును తక్కువ చేయువా రెవరును లేరు. అయినను స్వాతంత్ర్యదినమున మద్రాసు రేడియోలో పాడిన గాయని, ఎనిమిది సంవత్సరములకే వెండితెరపై పాడక కేవలము రూపముతో నిలువవలసి వచ్చినది. పారిస్ ఒపెరాలో ఇట్టిది ఊహింపరానిది. అచట పాడలేనివారికి పాత్ర లేదు. పాడగలవారికి మరియొకరు పాడరు.

న్యూయార్కు, లండను నగరములలో

సంభాషణము, గానము, నృత్యము మూడింటిని ఒక్కరే నిర్వహింపవలసిన వేదిక ఆమెకు తుదకు విదేశమున లభించినది. రవీంద్రనాథ ఠాకూరు 1910లో బెంగాలీభాషలో రచించిన ‘రాజా’ నాటకము ఆంగ్లమున ‘ది కింగ్ ఆఫ్ ది డార్క్ ఛేంబర్’ అను పేర వెలసినది. ఠాకూరు శతజయంతి సంవత్సరమగు 1961 ఫిబ్రవరిలో దానిని న్యూయార్కు నగరమున కృష్ణా షా దర్శకత్వమున ప్రదర్శించిరి. అందు రాణి సుదర్శన పాత్ర సూర్యకుమారిది.

ఆ నాటకకథను ఇచట సంగ్రహముగా చెప్పుట యవసరము. రాజు చీకటిగదిలో మాత్రమే రాణిని కలిసికొనును. ఆమె యాతని రూపమును చూడలేదు, మాటను మాత్రమే వినును. వెలుగులో ఆతనిని చూడవలెనని పట్టుబట్టి, రూపమునకు భ్రమసి, కపటరాజును నిజమైన రాజుగా భావించి, అనర్థములకు లోనై, తుదకు అహంకారము వీడి, కాలినడకన పోయి తన రాజును గుర్తించును. రూపమునకును స్వరమునకును నడుమ గల భేదమే ఈ కథకు ప్రాణము. వెండితెరపై రూప మొకరిది, స్వర మొకరిది యగుటను చవిచూచిన నటికి ఈ పాత్ర లభించుట తగియున్నది.

ఆ పాత్రకు న్యూయార్కు విమర్శకుల సంఘమగు ‘ఔటర్ క్రిటిక్స్ సర్కిల్’ ఆమెకు ఉత్తమనటి బహుమానము నొసగినది. రంగస్థల విమర్శ కఠినమని పేరుపొందిన నగరమున ఒక తెలుగు స్త్రీ ఆ గౌరవము నందుట అప్పటికి అపూర్వము. 1965 నుండి ఆమె లండనులో స్థిరపడి, ‘ఇండియా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్’ అను సంస్థను నెలకొల్పి, మన పాటలను, నృత్యములను, కథలను అచటివారికి ప్రదర్శించి, నేర్పెను. 1973లో చిత్రకారుడును, మృణ్మయకళాకారుడును, గ్రంథకర్తయునగు హెరాల్డ్ ఎల్విన్‌ను వివాహమాడెను. మరణపర్యంతము లండనే ఆమె నివాసము.

ఇచట గమనింపవలసిన ముఖ్యాంశము: ఆమె సంస్థలో చేరలేదు, సంస్థను తానే కట్టుకొనెను. వియార్దోకు పారిస్‌లో తండ్రి, అన్న, నాటకశాల, స్వరకర్తలు సిద్ధముగా నుండిరి. మయర్‌బేర్, బెర్లియోజ్ వంటివారు ఆమె కంఠమును చూచి పాత్రలను మలచిరి. మన గాయనికి చిత్రము, పలక, రేడియో, పరదేశపు నాటకశాల ఒకదాని వెంట నొకటి చోటిచ్చినవి. ఏదియు శాశ్వతముగా చోటీయలేదు. ప్రతిమారును ఆమె క్రొత్తగా మొదలిడవలసి వచ్చినది.

తులనఫలము

పై విషయములనుండి మూడు సంగతులు తేలుచున్నవి. మొదటిది: కంఠశిక్షణ వేదికనుబట్టి యుండును. నాటకశాలకై పెరిగిన మెజ్జో సొప్రానో కంఠము వాద్యబృందమును దాటిపోవుటకు శిక్షితమైనది; మైకుకై పెరిగిన మన లలితగాయని కంఠము చెవిలో చెప్పినట్లు వినబడుటకు శిక్షితమైనది. ఒకదానిని మరియొకదాని కొలతతో తూచుట న్యాయము గాదు. రెండవది: విద్య యెంత గొప్పదైనను సాంకేతికమైన ఒక్క మార్పు దాని విలువను తారుమారు చేయగలదు. నేపథ్యగానము నటగాయని స్థానమును తీసివేసినది. మూడవది: సంస్థ యున్నచోట కళాకారిణి పేరు నిలుచును, సంస్థ లేనిచోట పాట నిలిచి పేరు జారిపోవును.

ఈ మూడవ సంగతి మనకు బాధ కలిగింపవలసినది. పారిస్ వారు తమకు వినబడని కంఠమును పేరుతో స్మరించుచున్నారు. మనము మనకు వినబడుచున్న కంఠమును పేరు లేకుండ విడిచిపెట్టుచున్నాము. గీతము ముద్రితమై యున్నది. నేడు క్షణములో ఎవ్వరైనను తెప్పించుకొని వినవచ్చును. లోపము కంఠములో లేదు. మన స్మృతిలో నున్నది.

దీనికి పరిహారము గొప్ప ధనముతో గూడినది కాదు. రైల్వే కర్మాగారములకును, 1955లో ప్రారంభమైన రైలుపెట్టెల కర్మాగారమునకును పనికై వచ్చి పెరంబూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములు కొన్నింట తాతల నాటి గ్రామఫోను పలకలు అటకలపై నుండవచ్చును. వానిని పాతసామానుల కమ్మక, పలకపై నున్న పేర్లను, సంఖ్యలను వ్రాసి యుంచి, శబ్దమును క్రొత్త పద్ధతిలో భద్రపరుపవలెను. లక్కతో చేసిన ఆ పలక చేయిజారిన ముక్కలగును. ముక్కలైన పలక పాడదు. పిల్లలకు గీతము నేర్పునప్పుడు రచయిత పేరును, తొలుత పాడిన గాయని పేరును గూడ నేర్పవలెను. సభారంభమున గీతము పాడుటకు ముందు ‘రచన శంకరంబాడి సుందరాచారి, తొలుత గానము చేసినది టంగుటూరి సూర్యకుమారి’ యని ప్రకటించుటకు పట్టునది పది సెకనులు మాత్రమే.

తంజావూరి యాస్థానము మనకు లేదు. పారిస్ ఒపెరా వంటి శాల మనకు రాలేదు. కాని ప్రవాసమున నున్న తెలుగు సంఘము ప్రతియొకటియు చిన్న సంస్థయే. నెలకొకమారో, ఏటికొకమారో దీపము వెలిగించి పదిమందిని కూర్చుండబెట్టు శక్తి దానికి కలదు. ఆ పదిమంది లేచి నిలిచి పాడునప్పుడు, ఆ పాటను తమ కందించిన కంఠ మెవరిదో యెరిగి పాడుదురు గాక.